తోలు, కీలు, కదలిక

బొమ్మను చేయడం ఒక విద్య. చేసిన బొమ్మను ఆటలోకి తెచ్చి ఆడించడం మరొక విద్య. రెండూ ఒకటేనని నమ్మి బయలుదేరిన విద్యార్థికి మొదటినాడే ఒక వింత ఎదురౌతుంది. బ్లెండర్‌లోనో మాయాలోనో వారాల తరబడి కూర్చుని తీర్చిదిద్దిన వీరుణ్ణి యూనిటీ వంటి గేమ్ ఇంజన్‌లోకి దించుకోగానే ఆ వీరుడు కత్తి దూయడు, అడుగు కదపడు. రెండు చేతులూ భుజాల ఎత్తున బారజాపి, జొన్నచేనిలో దిష్టిబొమ్మవలె నిలుచుంటాడు. ఆ నిలుపుకు టీ-పోజ్ అని పేరు. ఆంగ్లాక్షరం టీ ఆకారంలో ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. ఆకారం వచ్చింది, అలంకారం వచ్చింది, రంగులు వచ్చాయి. కదలిక మాత్రం రాలేదు. లేదా వచ్చి కూడా ఆ దేహానికి అతుక్కోలేదు.

ఆకారమూ కదలికా వేరువేరు సరుకులన్న ఈ సంగతిని మన పిల్లలు ఏదో విదేశీ పరిజ్ఞానంగా, పరాయి మాటలతో నేర్చుకొంటున్నారు. కాని ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలలో తరతరాలుగా తిరిగిన ఒక విద్యకు ఇదే మూలసూత్రం. ఆ సంబంధాన్ని కొంచెం వివరంగా చెప్పాలని ఈ టపా.

ముందుగా ప్రాంతం సంగతి. ఆదోని తాలూకా, అందులోని ఎమ్మిగనూరుతో సహా, 1953 దాకా బళ్ళారి జిల్లాలో భాగం. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలు జిల్లాలో, మూడవది అనంతపురం జిల్లాలో కలిశాయి. తక్కిన బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. గీత గీసినవారికి తాలూకాలు కనిపించాయి గాని, ఆ గీతకు ఇరువైపులా తెర కట్టుకొని బ్రతికిన బొమ్మలాటవారు కనిపించలేదు. ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడే ఆ కుటుంబాలు తెరమీద ఇటు తెలుగులోను, అటు కన్నడంలోను రామాయణం ఆడించాయి. మనం తోలుబొమ్మలాట అంటే వారు తొగలు గొంబెయాట అన్నారు. మన కేతిగాడికి, కన్నడదేశపు కిళ్ళేక్యాతకు ఉన్న చుట్టరికం చెవికే తెలుస్తుంది. బళ్ళారిలో నాడోజ బెళగల్లు వీరన్నగారు రామాయణంతోబాటు స్వాతంత్ర్య సమరాన్ని, గాంధీ మహాత్ముని జీవితాన్ని కూడా తోలుబొమ్మలతో ఆడించి, 2023లో కన్నుమూశారు.

ఈ ఆట ప్రాచీనతకు సాక్ష్యం వెతకడానికి దూరం పోనక్కరలేదు. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని వర్ణిస్తూ, అక్కడ తెరమాటున బొమ్మలాడించేవారినీ, సూత్రాలతో బొమ్మలాడించేవారినీ వేరువేరుగా చెప్పాడు. అంటే అప్పటికే మన కవికి రెండు రకాల బొమ్మలాటలూ, వాటి మధ్య భేదమూ తెలుసు. ఆ శ్రీశైలం 2022లో నంద్యాల జిల్లా ఏర్పడేవరకు మన కర్నూలు జిల్లాలోనే ఉండేది.

ఇక బొమ్మ సంగతి. మేకతోలును నానబెట్టి, వెంట్రుక గీకి, బిగలాగి ఆరబెడితే వెలుతురు చొరబడేటంత పలుచనౌతుంది. దానిమీద రూపురేఖ గీసి, నగలు, అంచులు రావలసినచోట ఉలులతో చిన్నచిన్న రంధ్రాలు కొడతారు. రంగు రెండువైపులా వేస్తారు. తెరవెనుక దీపం వెలిగించగానే ఆ రంగులు తెర ఇవతల మెరుస్తాయి. మన తెలుగు బొమ్మలు చాలా పెద్దవి. నాలుగు మొదలు ఆరడుగుల దాకా ఉంటాయి. ఇంత పెద్ద బొమ్మను ఒకే తోలుముక్కతో చేసి ఊరుకొంటే అది పటమే అవుతుంది. కాబట్టి తల, మొండెం, భుజం, ముంజేయి, హస్తం, కాళ్ళు వేరువేరుగా కత్తిరించి, కలిసేచోట ఒక ముక్క అంచు మరొకదానిమీదికి కొంచెం ఎక్కేలా పెట్టి, రంధ్రం పొడిచి, దారంతో ముడివేస్తారు. ముడి మరీ బిగిస్తే చేయి తిరగదు, వదులైతే వ్రేలాడుతుంది. నర్తకి బొమ్మకు కీళ్ళు ఎక్కువ, ఎందుకంటే ఆమె పని నాట్యం. పాత్ర చేయవలసిన పనినిబట్టి కీళ్ళ లెక్క తేల్చేవారు.

కీళ్ళు పెట్టడం మనకు సహజంగా తోస్తుంది గాని, అన్ని ప్రాంతాలవారూ ఆ దారి పట్టలేదు. ఒడిశాలోని రావణఛాయలో బొమ్మకు కీళ్ళే లేవు. ఒక్క ముక్క తోలు, రంగు కూడా ఉండదు. అక్కడ కదలికను ఎక్కువగా బొమ్మ మొత్తాన్ని ఆడించడం ద్వారా, భంగిమ మారవలసినచోట బొమ్మనే మార్చడం ద్వారా సాధిస్తారు. ఆ నీడలకు ఒక గంభీరమైన అందం ఉంది. దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆలోచనలో ఇవి రెండు వేరు మార్గాలు. భంగిమకొక బొమ్మ చేయడం ఒక మార్గం. ఒకే బొమ్మకు కీళ్ళు పెట్టి అనేక భంగిమలు రాబట్టడం మరొక మార్గం.

కంప్యూటరు ఆటల చరిత్ర సరిగా ఈ రెండు మార్గాలలోనే నడిచింది. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట కోసం జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, ఒక్కొక్క భంగిమనూ విడిగా చిత్రించి, వరుసగా చూపించాడు. అది భంగిమకొక బొమ్మ మార్గం. 1996లో క్వేక్ వచ్చింది. ఆకారం మూడు కొలతలదైంది గాని పద్ధతి పాతదే. రాక్షసుని దేహం మీది ప్రతి బిందువూ ప్రతి భంగిమలోనూ ఎక్కడుంటుందో ముందే వ్రాసిపెట్టుకొనేవారు. 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ ఆటలో పాత్రలకు లోపల ఎముకల గూడు పెట్టారు. అంతటితో ప్రతి బిందువునూ కదపనక్కరలేకపోయింది. ఎముక తిరిగితే దానిని అంటిన చర్మం వెంట తిరుగుతుంది. అప్పటినుంచి గేమ్ ఇంజన్లలో మనిషి వంటి పాత్రలకు ఇదే రాజమార్గమైంది. ఈ పనిలో ఎముకల గూడును అమర్చడాన్ని రిగ్గింగ్ అనీ, దానికి ఆకారాన్ని తొడగడాన్ని స్కిన్నింగ్ అనీ అంటారు. స్కిన్ అంటే తోలే కదా! పేరు పెట్టినవారికి మన తోలుబొమ్మ తెలిసి ఉండనక్కరలేదు. పని ఒకటైనప్పుడు మాట కూడా వెతుక్కొంటూ వచ్చి అక్కడికే చేరుతుంది.

సినిమాలో ఈ సంగతిని ఇంతకుముందే పట్టుకొన్న మహాతల్లి ఒకరున్నారు. జర్మనీకి చెందిన లోట్టె రైనిగర్ నల్లని అట్టనూ సీసపు రేకునూ కత్తిరించి, కీళ్ళు కట్టి, ఒక్కొక్క చట్రానికి రవంత కదుపుతూ 1926లో ప్రిన్స్ అహ్మద్ సాహసాల చిత్రాన్ని పూర్తిచేశారు. డిస్నీ స్నోవైట్ అటుపైన పదకొండేళ్ళకు, 1937లో వచ్చింది. యానిమేషన్ అనగానే డిస్నీతో మొదలుపెట్టే పాఠ్యపుస్తకాలు ఈమెను ఒక వాక్యంతో దాటవేయడం నాకు ఎన్నడూ నచ్చలేదు.

ఎముకలు పెట్టిన తరువాత వాటిని కదిపేది ఎవరు, ఎలా అన్నది తరువాతి పాఠం. విద్యార్థులు తికమకపడేది ఇక్కడనే. బొమ్మలాటలో ఒక పొడుగుపాటి కర్ర బొమ్మ నడుమనుండి పోతుంది. దానిని కదిపితే బొమ్మ మొత్తం కదులుతుంది. చేతులకు వేరే సన్నని పుల్లలుంటాయి. ఇంజన్‌లో మధ్యకర్ర స్థానంలో మూలపుటెముక ఉంటుంది. దానికి నడుము, నడుముకు వెన్ను, వెన్నుకు భుజం, భుజానికి మోచేయి, ఇలా వంశవృక్షంవలె ఒకదాని క్రింద ఒకటి. తల్లి కదిలితే పిల్లలన్నీ కదులుతాయి. పిల్ల కదిలితే తల్లి కదలదు. ఈ ఒక్క నియమం తెలియక, భుజాన్ని తిప్పవలసినచోట హస్తాన్ని లాగి, చేయి ఊడి గాలిలో తేలిపోయే వింతలు ప్రతి తరగతిలోనూ జరుగుతాయి.

కాని బొమ్మలాటగాడు చేతిని భుజం దగ్గర పట్టుకొని త్రిప్పడు. పుల్ల కట్టింది హస్తానికి. హస్తాన్ని ఎక్కడికి తీసుకుపోతే, మోచేయీ భుజమూ తమకు వీలైన కోణంలో తామే సర్దుకొంటాయి. తల్లి కదిలితే పిల్ల కదలాలన్న నియమానికి ఇది తలక్రిందులు. గేమ్ ఇంజన్ పరిభాషలో దీనికి ఇన్వర్స్ కైనమాటిక్స్ అని పెద్ద పేరుంది. గణితంలో వ్రాస్తే త్రికోణమితి పేజీలకు పేజీలు పడుతుంది. తెరవెనుక మనిషికి అది మణికట్టులో ఉంటుంది. పదవ తరగతి పిల్లవాడికి ముందుగా అట్టతో చేసిన చేయి ఇచ్చి, హస్తానికి ఒక చీపురుపుల్ల కట్టి, తెరమీద ఒక చుక్కను ముట్టుకోమంటే, ఆ పెద్ద పేరు వినకముందే విషయం పట్టుబడుతుంది. కొన్ని చుక్కలు చేతికి అందవని కూడా తెలుస్తుంది. చేయి పొడుగుకు మించిన చుక్కను ముట్టుకోమంటే ఇంజన్ కూడా చేయి బిగదీసి ఆగిపోతుంది.

శబ్దం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బొమ్మలాటలో మద్దెల, తాళాలు, హార్మోనియంతోబాటు కాలిక్రింద చెక్కలుంటాయి. యుద్ధం వచ్చినప్పుడు, గుర్రం దౌడుతీసినప్పుడు ఆడించేవాడు ఆ చెక్కలను టకటకమని తొక్కుతాడు. బొమ్మ కాళ్ళు నిజానికి నేలను సరిగా తొక్కవు, తెరమీద కొంచెం తేలుతూ జారుతాయి. అయినా చూసేవారికి అడుగుపడినట్లే ఉంటుంది, ఎందుకంటే అడుగుపడవలసిన క్షణంలోనే చెక్క మ్రోగుతుంది. గేమ్ ఇంజన్‌లో కొత్తవారు చేసిన నడకలలో మొట్టమొదట కనిపించే దోషం పాదం జారడమే. దేహం ముందుకు పోయే వేగానికీ కాలు ఆడే వేగానికీ పొత్తు కుదరదు. నున్నని బండమీద సబ్బునీళ్ళు పోసి నడిపించినట్లుంటుంది. వేగం సరిచేయడం అసలు మందు. దానితోబాటు, నడక వరుసలో పాదం నేలను తాకే క్షణానికి ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు రాగానే శబ్దం మ్రోగేలా చేస్తారు. చెక్క తొక్కే కాలు చేసిన పని అదే.

ఇక ఈ విద్యను నేర్పే ఏర్పాట్లు మనదేశంలో ఎలా వచ్చాయన్నది కొంచెం చెప్పి ముందుకు పోతాను. 1956 ప్రాంతంలో డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి, కార్టూన్ విభాగంలో మనవారికి శిక్షణనిచ్చారు. బౌద్ధ జాతక కథ ఆధారంగా 1957లో వచ్చిన ది బనియన్ డీర్ ఆ శిక్షణకు ఫలం. అక్కడ నేర్చుకొన్నవారిలో రామ్‌మోహన్ ఒకరు. జపాన్‌వారితో కలిసి తీసిన 1992 నాటి రామాయణ చిత్రం దర్శకులలో ఆయనా ఉన్నారు. అదంతా కాగితం మీద గీసిన బొమ్మల కాలం. సామాన్యునికి కంప్యూటరు దారి తెరుచుకొన్నది తరువాత, అంచెలంచెలుగా. హాలెండుకు చెందిన టోన్ రోసెండాల్ జనం దగ్గర లక్ష యూరోలు చందా పోగుచేసి 2002లో బ్లెండర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేయించాడు. యూనిటీ 2005లో పుట్టి, 2009లో ఉచిత రూపం ఇచ్చింది. గోడో 2014లో స్వేచ్ఛగా వచ్చింది. అన్‌రియల్ 2015లో చందా ఎత్తివేసింది. బెంగుళూరు, హైదరాబాదు పోయి లక్షలు కట్టనవసరం లేకుండా ఎమ్మిగనూరులో ఒక గదిలో కూర్చుని ఈ పని నేర్వడం సాధ్యమైంది ఈ తేదీల వల్లనే. మనం తెలుగును తెరమీద వ్రాసుకోగలగడం ఎలా సాధ్యమైందో మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. ఇదీ అటువంటిదే.

ఒక చోట చేసిన బొమ్మను మరొక చోటికి మోసుకుపోయే పెట్టెకు కూడా చరిత్ర ఉంది. మాంట్రియల్‌లోని కైదారా సంస్థ 1996లో తన ఫిల్మ్‌బాక్స్ కోసం చేసుకొన్న ఎఫ్‌బీఎక్స్ పద్ధతి చేతులు మారి, 2006లో ఆటోడెస్క్‌ను చేరింది. ఆకారం, ఎముకలు, కదలిక మూడింటినీ ఒకే పెట్టెలో మోసే సౌకర్యం ఉండడంతో అదే వాడుకలో స్థిరపడింది. ఇప్పుడు జీఎల్‌టీఎఫ్ అనే బహిరంగ పద్ధతి (2017లో దాని రెండవ రూపం వచ్చింది) దానికి దీటుగా నిలుస్తోంది. ఈ పెట్టె విప్పినప్పుడు రెండు తగవులు తప్పవు. బ్లెండర్‌కు ఆకాశం వైపు పోయే అక్షం జెడ్, యూనిటీకి వై. కనుక సరిచూసుకోకపోతే వీరుడు బోర్లా పడుకొని దిగుతాడు. ఒకచోట కొలత మీటరు, మరొకచోట సెంటీమీటరు. కనుక ఒక్కోసారి నూరురెట్లు పెరిగి పాదం తప్ప ఏమీ కనబడడు, ఒక్కోసారి చీమంతై ఎక్కడ పడ్డాడో తెలియదు. వామనుడూ త్రివిక్రముడూ ఒకే పెట్టెలో ఉన్నారన్నమాట. పిల్లలు నవ్వుకొనే పాఠం ఇదొక్కటే కాబట్టి గుర్తుంచుకొనేదీ ఇదే.

నాకు ఈ విద్యలో మనస్సు నిలిచిపోయింది మాత్రం కీలు దగ్గర. జీవితమంతా పిల్లలకు సంధులు చెప్పినవాణ్ణి. సంధి అంటే రెండు వర్ణాల కలయిక అని చెప్పాను గాని, సంస్కృతంలో దేహంలోని కీలుకూ అదే పేరు. సంధివాతమని వైద్యులంటారు. తోలుబొమ్మలో మోచేతి దగ్గర రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి గాని, ఏ ముక్క రూపమూ మారదు. మూడు కొలతల బొమ్మలో అలా కుదరదు. అక్కడ చర్మం ఒకే ముక్క. మోచేతి దగ్గర ఉన్న చర్మం పై ఎముకకు చెందుతుందా, క్రింది ఎముకకు చెందుతుందా? రెండింటికీ. ఒక బిందువుకు పై ఎముక వాటా డెబ్బై పాళ్ళు, క్రింది ఎముక వాటా ముప్పై పాళ్ళు, కొంచెం దిగువన చెరిసగం, ఇంకా దిగువన అటుదిటు. వాటాలన్నీ కలిపితే నూరు కావాలి. సాధారణంగా ఒక బిందువుకు నాలుగు ఎముకల దాకా వాటాలు పంచుతారు. దీనిని వెయిట్ అంటారు. నేను వాటా అనే చెబుతాను, తెలుగుపిల్లవాడికి ఆస్తిపంపకం అర్థమైనంత సులభంగా బరువు అర్థం కాదు.

మహా, ఇంద్ర కలిసినప్పుడు మహేంద్ర అవుతుంది. ఆకారమూ పోయింది, ఇకారమూ పోయింది, రెండింటి వాటాతో ఏకారం వచ్చింది. మోచేతి మడతలోని చర్మం సరిగా ఈ గుణసంధి. వాటాలు మెత్తగా పంచినచోట మడత సహజంగా ఉంటుంది. పంపకం చెడినచోట మోచేయి అణగిపోతుంది, లేదా ముంజేతిని తిప్పగానే తడిబట్ట పిండినట్లు మెలిపడుతుంది. ఆ మెలికకు మందుగా మధ్యలో ఒక చిన్న అదనపుటెముకను చేర్చి, త్రిప్పుడును కొంచెం కొంచెంగా పంచుతారు. మా, అమ్మ నడుమ యకారం వచ్చి మాయమ్మ అయినట్లుగా! యడాగమం ఎందుకు వస్తుందని అడిగిన పిల్లలకు రెండచ్చులు ఢీకొనకుండా అని చెప్పేవాణ్ణి. ఈ ఎముక చేసే పనీ అదే. ఈ పోలికను ఎమ్మిగనూరులో వేసవి సెలవులలో ఈ పాఠం చెప్పే యువకునికి చెప్పినప్పుడు ఆయన మొదట మర్యాదకు నవ్వాడు, రెండవరోజు బల్లమీద మహేంద్ర అని వ్రాసి మోచేయి గీశాడు.

ఇంతకూ ఇందులో పోయేదేమిటి, దక్కేదేమిటి అన్న ప్రశ్న ఉంది. సినిమా, ఆ తరువాత టెలివిజన్ వచ్చాక తోలుబొమ్మలాటకు ఊళ్ళలో పిలుపులు తగ్గిపోయాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ కుటుంబాలు అదే తోలుతో, అదే ఉలితో దీపపు తొడుగులు, గోడపటాలు చేయడం మొదలుపెట్టాయి. అది వారికి అన్నం పెట్టింది. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గౌరవాలన్నీ న్యాయమైనవే. కాని దీపపు తొడుగుకు కీళ్ళుండవు. గోడమీది రాముడు విల్లెక్కుపెట్టే ఉంటాడు, ఎన్నడూ వదలడు. అమ్ముడుపోయింది ఆకారం. హనుమంతుడు తోక ఎలా విసిరేవాడో, సీత తల ఎలా దించేదో, ఆ మణికట్టు జ్ఞానానికి కొనేవాడు లేడు. సంగ్రహాలయంలో బొమ్మ ఉంటుంది. అది టీ-పోజ్‌లో నిలిచిన బొమ్మ వంటిదే, ఆకారం పదిలం, కదలిక శూన్యం.

గేమ్ ఇంజన్ తరగతులలోనూ మరో రూపంలో ఇదే జరుగుతోంది. ఆకారం సొంతంగా చేసుకొన్న పిల్లలు కదలికను మాత్రం దింపుకొంటారు. మిక్సమో అనే చోట (2015 నుండి అది అడోబీవారిది) వందలకొద్దీ నడకలు, పరుగులు, దెబ్బలు ఉచితంగా దొరుకుతాయి. యూనిటీ 2012లో తెచ్చిన మెకానిమ్ ఏర్పాటుతో ఒకరి నడకను మరొకరి దేహానికి తొడగడం తేలికైంది. మనిషి ఆకారానికి కనీసం పదిహేను ఎముకలు గుర్తిస్తే చాలు. మొదటి గంటలోనే బొమ్మ నడుస్తుంది, పిల్లవాడు పొంగిపోతాడు. పొంగిపోనివ్వండి, నాకేమీ బాధలేదు. కాని ఆ నడక ఎవరిది? ఎక్కడో ఒక స్టూడియోలో నటుడొకడు నడిచిన నడక. అదే నడక హనుమంతుడికి, అదే నడక పోలేరమ్మ జాతరలో పోతురాజుకు, అదే నడక మార్కెట్‌యార్డులో పత్తిబోరెం మోసే హమాలీకి. తోలుబొమ్మలాటలో రాముడూ జుట్టుపోలిగాడూ ఒకేలా నడిస్తే జనం లేచి ఇంటికి పోయేవారు. రాముని బొమ్మ తెరమీద నిదానంగా, మధ్యకర్ర ఊగకుండా సాగాలి. పోలిగాడు కర్ర మీద కప్పవలె గెంతాలి. బంగారక్క వాణ్ణి తరిమితే ఆ తరమడం వేరు.

నీడబొమ్మల రూపం ఆటలలోకి వచ్చిన సందర్భం మనదేశంలోనే ఉంది. 2020లో పుణెవారు అన్‌రియల్ ఇంజన్‌తో చేసిన రాజీ అనే ఆటలో కథ చెప్పే ఘట్టాలన్నీ నీడబొమ్మల తీరులో నడుస్తాయి. తెలుగులో 2012 నాటి ఈగ సినిమాలో మాటలేని, కనుబొమలు లేని పురుగు కాళ్ళు రెక్కల కదలికతోనే పగనూ ప్రేమనూ చెప్పగలిగింది. కదలికలోనే పాత్ర ఉంటుందని ఈ రెండూ చూసిన పిల్లవాడికి వేరే ఋజువు అక్కరలేదు.

ఆదోని డివిజన్ పిల్లలకు ఈ పాఠం చెప్పేవారు మరొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ వాన తప్పిన ఏడు కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరపచేలకో, మరో చోటికో వెళితే పిల్లలూ వెంటపోతారు. నెలల తరబడి బడి ఖాళీ. కంప్యూటరు గదిలో మొదలుపెట్టిన పాఠం అటువంటి పిల్లవాడికి అక్కడే ఆగిపోతుంది. అట్టముక్కలతో, చీపురుపుల్లతో, కండెదారంతో చేసిన కీలుబొమ్మ మూటలో ఇముడుతుంది. ఎమ్మిగనూరులో దారానికి కరువులేదు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. అందువల్ల మొదటి రెండువారాలూ కంప్యూటరు తాకకుండా అట్టబొమ్మతోనే గడపాలని మేము వాదించాము. తల్లిదండ్రులలో కొందరికి ఇది నచ్చలేదు. కంప్యూటరు నేర్పుతామని చెప్పి అట్టలు కత్తిరిస్తున్నారేమని నిలదీశారు. వారి అనుమానం న్యాయమైనదే, సమాధానం పిల్లలే చెప్పవలసివచ్చింది.

రెండవనెలలో పరీక్షగా ఒక పని ఇచ్చాము. ఒకే ఆకారం, రంగు లేదు, ముఖం లేదు, నగ లేదు. దానికి మూడు నడకలు చేయాలి, మూడూ సొంతంగా చేయాలి, దింపుకోరాదు. ఒకటి రాముడు, ఒకటి జుట్టుపోలిగాడు, మూడవది తమ ఊళ్ళో తాము చూసిన ఎవరైనా. ఇంజన్‌లో దీపాలన్నీ వెనుకకు పెట్టి బొమ్మను నల్లని నీడగా మార్చి, గోడమీద తెల్లని పంచె కట్టి చూపించారు. తక్కిన పిల్లలు పేరు చెప్పాలి. రాముణ్ణి ఎక్కువమంది గుర్తుపట్టలేదు. ప్రతి రాముడూ కొంచెం పెళ్ళికొడుకువలె నడిచాడు. పోలిగాడు వస్తుండగానే అందరూ అరిచారు. మూడవ నడకలలో ఒకటి నడుము కొంచెం వంచి, ఎడమ చేయి వెనుక ఆనించి, ప్రతి నాలుగవ అడుగుకూ ఆగి కుడివైపు చూసేది. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనుక వరుసలోని ఒక అమ్మాయి, "మా జేజి సార్, మిరప కోసి ఒంగిపోయింది, వాళ్ళు వెనకబడ్డారేమోనని చూస్తుంది" అంది. ఆ నడక చేసినది ఆమె కాదు, ప్రక్క వీధి కుర్రవాడు.